పొద్దున లాగిన్ కాదు, పది దాటితే అవుతుంది: మైఎస్‌క్యూఎల్‌తో వింత తగాదా

మిర్యాలగూడ_ధర్మకాంటా
పది రోజులుగా ఈ సమస్య నా బుర్ర తినేస్తోంది. బియ్యం మిల్లులో కంప్యూటర్ల పని నాది. చదివింది కామర్స్. డేటాబేస్ పని తప్పనిసరై నేర్చుకున్నదే కాబట్టి కాస్త మెల్లగా చెప్పండి.

ఆఫీసు గదిలో సర్వర్ ఒకటి ఉంది, ఉబుంటు (లినక్స్) మీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 8.0. ధర్మకాంటా గదిలో, గేటు దగ్గర, గోదాములో ఒక్కో కంప్యూటర్. మూడింటిలోనూ జావాలో రాసిన తూకాల ప్రోగ్రాం. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, తేమ శాతం, బస్తాల లెక్క అన్నీ అందులోకే ఎక్కుతాయి.

పొద్దున ఆరింటికి మొదటి లారీ వస్తుంది. ప్రోగ్రాం తెరిస్తే "లాగిన్ విఫలమైంది, అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి" అంటుంది. మూడు చోట్లా అదే మాట. పాస్‌వర్డ్ సరైనదే. పది గంటలు దాటాక దానంతట అదే సరిపోతుంది, ఎవరూ ఏమీ చేయకుండానే. రాత్రి దాకా మళ్లీ ఏ ఇబ్బందీ ఉండదు. మరునాడు పొద్దున మళ్లీ మొదలు. యాసంగి ధాన్యం వచ్చే రోజులివి, లారీల వరుస రోడ్డు మీదికి పాకుతోంది. కాగితం మీద రాసుకుని పది తర్వాత ఎక్కిస్తున్నాను. యజమాని నన్ను చూసే చూపు మారింది.

కోదాడ_కోడు
అది ఎర్రర్ కాదు, ప్రోగ్రాం రాసినవాళ్లు ఎర్రర్ మీద కప్పిన దుప్పటి. కింద ఏముందో చూడాలి. నంబర్ ఏమిటి? 1045 (పేరో పాస్‌వర్డో కుదరలేదు) వచ్చిందా, 1130 (ఈ యంత్రానికి అనుమతి లేదు) వచ్చిందా, 2003 (సర్వరే అందలేదు) వచ్చిందా? ఒక్కోదానికి ఒక్కో మందు. ఇంతకీ ఆ అడ్మినిస్ట్రేటర్ ఎవరు?

మిర్యాలగూడ_ధర్మకాంటా
నేనే.

కోదాడ_కోడు
మరి సంప్రదించారా?

నల్లగొండ_బత్తాయి
కోదాడ తమ్ముడి వెటకారానికేం గానీ, నంబర్ దొరికేలోగా నా అనుమానం చెబుతాను. రాత్రి రౌటర్ ఆగి పొద్దున వెలిగితే కంప్యూటర్లకు ఐపీ చిరునామాలు మారిపోతాయి. సర్వర్‌లో మీ యూజర్‌ను పాత చిరునామాకు కట్టేసి ఉంటే 1130 వస్తుంది. అంటే "ఈ యంత్రం నుంచి రానివ్వను" అని. పాస్‌వర్డ్ దాకా వెళ్లకుండా గడప దగ్గరే ఆపేస్తుంది. మా పండ్ల మండీలో సరిగ్గా ఇదే జరిగింది. రౌటర్‌లో చిరునామాలు స్థిరంగా పెట్టించాక పోయింది.

మిర్యాలగూడ_ధర్మకాంటా
బత్తాయి అన్నా, చూశాను. మూడు కంప్యూటర్లకూ చిరునామాలు స్థిరంగానే ఉన్నాయి. ఇంకో మాట, యూజర్ పేరు పక్కన ఒక చిరునామా కూడా ఉంటుందని మీరు చెప్పేదాకా నాకు తెలియదు. అదెందుకు?

పాలమూరు_పిల్లలమర్రి
ఇది నేను చెప్పాల్సిందే, నా పేరులోనే ఉంది జవాబు.

పిల్లలమర్రి అంటే మా మహబూబ్‌నగర్‌లో ఊడలు దిగిన మహావృక్షం. సూర్యాపేట వాళ్ల దగ్గర అదే మాట అంటే కాకతీయుల కాలం గుళ్లున్న ఊరు. పేరొక్కటే, సంగతులు రెండు. "పిల్లలమర్రికి వెళ్లాను" అంటే ఏ పిల్లలమర్రి అని అడగాలి. మైఎస్‌క్యూఎల్ కూడా అంతే. 'మిల్లు'@'localhost' కు బదులు మనం తెలుగులోనే రాసుకుందాం: 'మిల్లు'@'లోకల్‌హోస్ట్' ఒక ఖాతా, 'మిల్లు'@'192.168.1.%' వేరే ఖాతా. మొదటిది సర్వర్ మీదే కూర్చున్నవాళ్లకు, రెండోది 192.168.1తో మొదలయ్యే ఏ చిరునామాకైనా. రెండింటికీ పాస్‌వర్డ్‌లు వేరు, హక్కులు వేరు. ఒకదానికి పాస్‌వర్డ్ మార్చి రెండోదానితో లోపలికి వెళ్లాలని చూసి 1045 అని తల పట్టుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను.

ఇంకో మెలిక. ఖాతాలు రెండు మూడు సరిపోయేలా ఉంటే, చిరునామా ఎక్కువ కచ్చితంగా ఉన్నదాన్ని సర్వర్ ముందు చూస్తుంది. పేరు లేని ఖాతా, అంటే ''@'లోకల్‌హోస్ట్', పాత సర్వర్లలో పడి ఉండేది. మీరు 'మిల్లు'@'%' అని చేసుకుని సర్వర్ మీదే కూర్చుని లాగిన్ అయితే, ఆ పేరు లేనిదే ముందు తగిలి తలుపు వేసేస్తుంది. లోపలికి వెళ్లగలిగినప్పుడు సెలెక్ట్ యూజర్(), కరెంట్_యూజర్() కొట్టి చూడండి. మొదటిది మీరు ఎవరినని చెప్పుకున్నారో, రెండోది సర్వర్ మిమ్మల్ని ఎవరిగా లెక్కగట్టిందో. రెండూ వేరుగా ఉంటే దొంగ దొరికినట్టే.

సూర్యాపేట_పిల్లలమర్రి
గుళ్లున్న ఊరు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎరకేశ్వరాలయం, నామేశ్వరాలయం చూసి ఉంటే ఇంకో రెండు వాక్యాలు రాసేవారు. మీ చెట్టుకు 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు, మా గుళ్లకు ఆ అవసరం రాలేదు.

పాలమూరు_పిల్లలమర్రి
చెట్టు ప్రాణమున్నది కాబట్టి జబ్బు చేసింది. చెదలు మీ ఊరి నుంచే వచ్చాయేమో.

కోదాడ_కోడు
ఒకే పేరుతో ఇద్దరున్నా ఈ చర్చావేదిక ఇద్దరినీ రానిచ్చింది, అదే వింత. ధర్మకాంటా గారూ, ఖాతాల జాబితా?

మిర్యాలగూడ_ధర్మకాంటా
'రూట్'@'లోకల్‌హోస్ట్', 'మిల్లు'@'192.168.1.%', ఇవి కాక సిస్టం తాలూకు ఖాతాలు మూడో నాలుగో. పేరు లేనిది ఏదీ లేదు. ధర్మకాంటా కంప్యూటర్ నుంచి పది తర్వాత చూస్తే కరెంట్_యూజర్() కూడా 'మిల్లు'@'192.168.1.%' అనే చెబుతోంది.

దేవరకొండ_డీబీ
ఇది 1129 కావచ్చు. తప్పు పాస్‌వర్డ్ వందసార్లు కొడితే సర్వర్ ఆ యంత్రాన్ని నిరోధిస్తుంది. పొద్దున ఎవరో తొందరలో తప్పు కొడుతున్నారు. ఆ నిరోధం ఎత్తేసే ఫ్లష్ హోస్ట్స్ కొట్టండి.

భువనగిరి_ఖిల్లా
దేవరకొండ గారూ, సగం నిజం. వంద అన్నది నిజమే, మ్యాక్స్_కనెక్ట్_ఎర్రర్స్ డిఫాల్ట్ అంతే. కానీ అందులోకి లెక్కకొచ్చేవి మధ్యలో తెగిపోయిన కనెక్షన్లు, అంటే వరుసగా వచ్చి పలకరింపు పూర్తి కాకుండానే వెళ్లిపోయినవి. తప్పు పాస్‌వర్డ్‌లు అందులోకి రావు. పోర్టు తెరిచి ఉందా అని నిమిషానికోసారి తట్టి పారిపోయే నిఘా స్క్రిప్టులే సాధారణంగా ఈ గొడవ తెస్తాయి. తప్పు పాస్‌వర్డ్‌కు తాళం వేయడం వేరే సౌకర్యం. 8.0.19లో వచ్చింది, ఖాతాకు మనమే కోరి పెట్టుకోవాలి.

తాళం కథ నాది ఒకటుంది, మైఎస్‌క్యూఎల్‌ది కాదు, ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్‌ది. అందులో డిఫాల్ట్ ప్రొఫైల్ ప్రకారం పదిసార్లు తప్పితే ఖాతా మూసుకుంటుంది, ఓఆర్ఏ-28000. పాస్‌వర్డ్‌కు 180 రోజుల ఆయుష్షు కూడా ఉంటుంది. గడువు తీరిందని మేం పాస్‌వర్డ్ మార్చాం. అన్ని చోట్లా మార్చామనుకున్నాం. గంటకోసారి ఖాతా మూసుకుపోయేది, తెరిచేవాళ్లం, మళ్లీ మూసుకునేది. రెండు రోజుల తర్వాత తేలింది: మెట్ల కింద గదిలో ఎవరూ వాడని ఒక పాత కంప్యూటర్ గంటకోసారి నివేదిక తీయడానికి పాత పాస్‌వర్డ్‌తో తలుపు తడుతోంది. దాని మానిటర్ ఎప్పుడో తీసేశారు, పెట్టె మాత్రం నడుస్తూనే ఉంది.

దేవరకొండ_డీబీ
సరే, తప్పు దిద్దుకున్నాను. కానీ అన్నా, ఆ పెట్టె పాపం నిజాయతీగా పని చేసింది.

చౌటుప్పల్_చిట్కా
ఇంత చర్చ దేనికి? ఖాతాల పట్టికను సర్వర్ చేత మళ్లీ చదివించే ఫ్లష్ ప్రివిలెజెస్ కొట్టండి. నా అనుభవంలో లాగిన్ సమస్యల్లో సగం దానితో పోతాయి.

పాలమూరు_పిల్లలమర్రి
క్రియేట్ యూజర్, గ్రాంట్, ఆల్టర్ యూజర్ వాడితే ఫ్లష్ అవసరమే లేదు, మార్పు వెంటనే అమల్లోకి వస్తుంది. ఖాతాల పట్టికను ఎవరైనా నేరుగా చేత్తో మార్చినప్పుడే అది కావాలి. జ్వరమొస్తే పారాసిటమాల్, కాలు బెణికితే పారాసిటమాల్.

చౌటుప్పల్_చిట్కా
నష్టమైతే లేదు కదా. కొట్టి చూడమనండి.

మిర్యాలగూడ_ధర్మకాంటా
నష్టం ఉంది!! మధ్యాహ్నం పన్నెండింటికి కొట్టాను. అప్పటిదాకా బంగారంలా నడుస్తోంది. కొట్టాక గేటు దగ్గర కుర్రాడు భోజనానికి వెళ్లి వచ్చి ప్రోగ్రాం మళ్లీ తెరిచాడు, లాగిన్ విఫలమైంది. ధర్మకాంటాలో ముందే తెరిచి ఉన్నది నడుస్తోంది, మూసి తెరిస్తే అదీ పోయింది. పొద్దున సమస్య ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా వచ్చింది. యజమాని ఊళ్లో లేరు, అదొక్కటే అదృష్టం.

చౌటుప్పల్_చిట్కా
నేను భోజనానికి వెళ్తున్నాను.

కోదాడ_కోడు
చిట్కా గారూ, పారిపోకండి, ఇది చాలా గొప్ప ఆధారం. మొదటిసారి సమస్యను కోరినప్పుడు పుట్టించగలిగాం. నిజంగా అభినందిస్తున్నాను.

నాగర్‌కర్నూల్_నల్లమల
మధ్యలో దూరుతున్నాను. మాది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్, కానీ పాఠం ఒక్కటే. అందులో లాగిన్ తప్పితే అన్నిటికీ 18456 అనే వస్తుంది. స్టేట్, అంటే కారణం చెప్పే ఉప నంబర్, ఎంత అని చూస్తే తెర మీద ఎప్పుడూ 1. కావాలనే దాస్తుంది, బయటివాడికి గుట్టు తెలియకూడదని. అసలు స్టేట్ సర్వర్ తాలూకు ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది. 5 అయితే ఆ పేరుతో లాగిన్ లేదు, 8 అయితే పాస్‌వర్డ్ తప్పు, 58 అయితే సర్వర్ విండోస్ లాగిన్లను మాత్రమే ఒప్పుకునేలా ఉంది. మూడు నెలలు నేను తెర మీది 1నే చూస్తూ పాస్‌వర్డ్ మారుస్తూ కూర్చున్నాను. అక్కడున్నది 58.

ధర్మకాంటా తమ్ముడూ, నీ ప్రోగ్రాం ఎక్కడో ఒక లాగ్ ఫైలు రాస్తూ ఉంటుంది. అది వెతుకు.

జడ్చర్ల_జంక్షన్
పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌దీ ఇదే పద్ధతి. పాస్‌వర్డ్ తప్పినా, పాస్‌వర్డ్ గడువు తీరినా బయటికి ఒకే వాక్యం. కారణం లోపలి లాగ్‌లో. పైగా ఎవరిని ఎలా రానివ్వాలో రాసుండే పీజీ_హెచ్‌బీఏ అనే ఫైలులో పై నుంచి కిందికి చూసుకుంటూ మొదట సరిపోయిన గీత దగ్గర ఆగిపోతుంది. అక్కడ తప్పితే కింది గీతకు వెళ్లదు. నేను కింద ఎంత అందంగా రాసినా పైనున్న గీత నన్ను గెంటేస్తూనే ఉంది. జడ్చర్ల చౌరస్తాలో రాంగ్ సైడ్ ఎక్కినట్టు, ఒక్కసారి ఎక్కాక తిరిగే దారి లేదు.

యాదగిరి_కొత్తవాణ్ణి
క్షమించండి, వేరే విషయం. నేను రూట్ పాస్‌వర్డ్ మరిచిపోయాను. ఖాతాల తనిఖీ ఆపేసే స్కిప్ గ్రాంట్ టేబుల్స్ పెట్టి సర్వర్ నడపమని ఒక వీడియోలో చూశాను. చేయవచ్చా?

భువనగిరి_ఖిల్లా
వేరే చర్చ పెట్టాల్సింది. సరే, ఉబుంటు అయితే ముందు సుడో మైఎస్‌క్యూఎల్ అని కొట్టి చూడు. చాలా చోట్ల అక్కడ రూట్‌కు పాస్‌వర్డే ఉండదు, ఆపరేటింగ్ సిస్టం రూట్ అయితే సాకెట్ (అదే యంత్రం లోపలి దారి) ద్వారా నేరుగా రానిస్తుంది. అది తెలియక పాస్‌వర్డ్ కొడితే 1698 వస్తుంది. నువ్వు మరిచిపోయింది అసలు లేని పాస్‌వర్డ్ కావచ్చు.

నిజంగా ఉండి మరిచిపోతే, ఆల్టర్ యూజర్ వాక్యం ఒక ఫైలులో రాసి ఇనిట్-ఫైల్‌గా (సర్వర్ లేస్తూనే నడిపే ఫైలుగా) ఇచ్చి సర్వర్‌ను ఒకసారి లేపు. తర్వాత ఆ ఫైలు చెరిపేయి. స్కిప్ గ్రాంట్ టేబుల్స్ అంటే ఊరందరికీ తలుపు తెరిచి పెట్టడం. 8.0లో దానితో పాటే నెట్‌వర్క్ మూసుకుంటుంది కాబట్టి కొంత నయం, పాతవాటిలో అదీ లేదు.

యాదగిరి_కొత్తవాణ్ణి
సుడోతో వచ్చేసింది. లేని పాస్‌వర్డ్ కోసం వారం వెతికాను.

గద్వాల_జరీ
మొదటి నుంచి చదివాను. అందరూ పొద్దున ఏం పాడవుతోందని అడుగుతున్నారు. నాకు కావలసింది పది గంటలకు ఏం బాగవుతోందని. ధర్మకాంటా గారూ, పది గంటలకు మీ మిల్లుకు ఎవరు వస్తారు?

మిర్యాలగూడ_ధర్మకాంటా
లెక్కల గుమాస్తా గారు. కానీ ఆయన కంప్యూటర్‌లో ఈ ప్రోగ్రామే లేదండీ. వస్తారు, టీ తాగుతారు, నిన్నటి తూకాలు చూసుకుంటారు.

గద్వాల_జరీ
ప్రోగ్రాం లేకుండా తూకాలు ఎక్కడ చూస్తారు?

మిర్యాలగూడ_ధర్మకాంటా
వర్క్‌బెంచ్‌లో, అంటే డేటాబేస్‌ను నేరుగా చూసే మైఎస్‌క్యూఎల్ వాళ్ల ప్రోగ్రాంలో. నేనే ఒక క్వెరీ రాసి ఇచ్చాను, అది నొక్కుతారు. అందులో ఆయన వాడేది ఇదే 'మిల్లు' యూజర్, ఇదే పాస్‌వర్డ్. ఆయనకు ఎప్పుడూ లాగిన్ సమస్య రాలేదు, అందుకే చెప్పలేదు.

కోదాడ_కోడు
గుమాస్తా గారు వచ్చి తాకితే సర్వర్ నయమవుతోంది. ఆయన చేతిలో ఏదో ఉంది.

గద్వాల_జరీ
నవ్వులాటగా అన్నా సరిగ్గా అదే. ఇంకో రెండు ప్రశ్నలు. ఈ పది రోజుల్లో రాత్రిళ్లు సర్వర్ ఆపుతున్నారా? 8.0 పెట్టి ఎంత కాలమైంది?

మిర్యాలగూడ_ధర్మకాంటా
సంక్రాంతికి పాత కంప్యూటర్ పాడైంది. అందులో 5.7 ఉండేది. ప్రోగ్రాం ఇచ్చినతను వచ్చి కొత్తదానిలో 8.0 పెట్టి వెళ్లాడు. అప్పటి నుంచి బాగానే నడిచింది. పది రోజుల కిందట ఉరుముల వాన పడిన రాత్రి యూపీఎస్ బ్యాటరీలు పోయాయి. కొత్తవి వచ్చేదాకా రాత్రి పూట సర్వర్ ఆపేయమని యజమాని చెప్పారు. పొద్దున నేనే వెలిగిస్తాను. వెలిగించాక రూట్‌గా లాగిన్ అయి కూడా చూస్తున్నాను, సర్వర్ బాగానే పలుకుతుంది.

గద్వాల_జరీ
ప్రోగ్రాం లాగ్ దొరికితే అందులో "పబ్లిక్ కీ రిట్రీవల్" అన్న మాటలు ఉంటాయని పందెం కడతాను. కనెక్షన్ వివరాలున్న ఫైలులో "యూజ్‌ఎస్ఎస్ఎల్=ఫాల్స్" అని కూడా ఉంటుంది.

మిర్యాలగూడ_ధర్మకాంటా
అమ్మా, రెండూ ఉన్నాయి! లాగ్ ఫైలు ప్రోగ్రాం ఫోల్డర్‌లోనే ఉంది, ఇన్నాళ్లూ దాని పక్కనే తిరుగుతున్నాను. "పబ్లిక్ కీ రిట్రీవల్ ఈజ్ నాట్ అలోడ్" అని రోజూ పొద్దున పేజీలకు పేజీలు. మీకు ఎలా తెలుసు?

గద్వాల_జరీ
మా చీరల దుకాణం బిల్లింగ్‌తో ఇదే నరకం నేనూ చూశాను కాబట్టి తెలుసు. మాకు దసరా ముందు వచ్చింది. నెమ్మదిగా చెబుతాను.

8.0 నుంచి కొత్త ఖాతాలకు డిఫాల్ట్ పద్ధతి క్యాషింగ్_షా2_పాస్‌వర్డ్. పాతది మైఎస్‌క్యూఎల్_నేటివ్_పాస్‌వర్డ్. కొత్తదాని పేరులోనే క్యాష్ ఉంది, మీ కథంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది. డిస్కు మీద పాస్‌వర్డ్ ముద్రను ఎన్నోసార్లు నూరి దాచిపెడుతుంది. దొంగిలించినవాడు ఊహించి పట్టుకోవడం కష్టం కావాలని. కానీ ప్రతి లాగిన్‌కూ అంత నూరుడు అంటే సర్వర్ అలసిపోతుంది. అందుకని ఒక ఖాతా ఒకసారి సరిగ్గా లాగిన్ అయ్యాక, తేలికగా సరిచూసుకునే గుర్తును జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. తర్వాత అదే ఖాతాతో వచ్చినవాళ్లను ఆ గుర్తుతో చకచకా పంపేస్తుంది.

మీ గేటు కాపలాదారును ఊహించుకోండి. మొదటిసారి వచ్చినవాణ్ణి లోపలి గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, కాగితాలన్నీ చూస్తాడు. రెండోసారి నుంచి ముఖం చూసి చెయ్యి ఊపుతాడు. సర్వర్ ఆపితే ఆ కాపలాదారు అన్నీ మరిచిపోతాడు. ఫ్లష్ ప్రివిలెజెస్ కొట్టినా మరిచిపోతాడు. చిట్కా గారి మందు వికటించింది అందుకే.

ఇప్పుడు అసలు ముడి. ఆ మొదటిసారి తనిఖీలో పాస్‌వర్డే సర్వర్‌కు వెళ్లాలి. బట్టబయలుగా పంపకూడదు కాబట్టి మూడు దారులే: సర్వర్ మీదే ఉండి సాకెట్ ద్వారా రావడం, టీఎల్ఎస్ (పాత పేరు ఎస్ఎస్ఎల్) అనే రహస్య మార్గంలో రావడం, లేదా సర్వర్ ఇచ్చే ఆర్ఎస్ఏ పబ్లిక్ కీతో పాస్‌వర్డ్‌ను తాళం వేసి పంపడం. మీ ప్రోగ్రాం యూజ్‌ఎస్ఎస్ఎల్=ఫాల్స్ అని చెప్పి టీఎల్ఎస్ దారి తనే మూసుకుంది. కీ అడిగి తీసుకోవడానికి జావా కనెక్టర్, అంటే ప్రోగ్రాంను సర్వర్‌తో కలిపే ముక్క, మన అనుమతి లేనిదే ఒప్పుకోదు. ఇంకేం మిగిలింది? అందుకే తిరస్కరించింది సర్వర్ కాదు, మీ పక్కనున్న కనెక్టరే.

గుమాస్తా గారి వర్క్‌బెంచ్ మాత్రం ఎవరూ చెప్పకపోయినా టీఎల్ఎస్ దొరికితే అదే వాడుకుంటుంది. ఆయన లాగిన్ అయ్యారు, కాపలాదారు 'మిల్లు' ముఖం గుర్తుపెట్టుకున్నాడు, ఆ తర్వాత మీ మూడు కంప్యూటర్లూ అదే ముఖంతో వెళ్లిపోయాయి. మీరు పొద్దున రూట్‌గా వెళ్లడం ఎందుకు పనికిరాలేదంటే ఆ గుర్తు ఖాతాకు ఒకటి. రూట్ ముఖం చూస్తే మిల్లు ముఖం గుర్తురాదు.

భువనగిరి_ఖిల్లా
ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు. ఐపీ కాదు, పాస్‌వర్డ్ కాదు, కథంతా గుమాస్తా రాకలోనే ఉంది.

దేవరకొండ_డీబీ
అయితే తేలిక దారి: ఆ ఖాతాను పాత నేటివ్ పద్ధతికి మార్చేయడం. ఒక్క ఆల్టర్ యూజర్ వాక్యం.

పాలమూరు_పిల్లలమర్రి
వద్దు. ఇవాళ నడుస్తుంది, 2024లో వచ్చిన 8.4లో ఆ పద్ధతి డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది, 9.0లో పూర్తిగా తీసేశారు. రేపు సర్వర్ మార్చిన రోజు ఈయన మళ్లీ ఇక్కడికే వచ్చి "అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి" అంటారు.

దేవరకొండ_డీబీ
రేపటి సంగతి రేపు. గేటు బయట లారీలు ఇవాళ ఉన్నాయి.

నల్లగొండ_బత్తాయి
దేవరకొండ మాటలోనూ న్యాయముంది, పంట కాలం కదా. కానీ ఇంకో సులువు దారి ఉందిగా, కీ తీసుకోవడానికి అనుమతి ఇచ్చేయడం. అలౌ‌పబ్లిక్‌కీరిట్రీవల్=ట్రూ. నెట్‌లో ఎక్కడ వెతికినా మొదటి జవాబు అదే.

గద్వాల_జరీ
అదీ పని చేస్తుంది. కానీ మధ్యలో ఎవరైనా సర్వర్ వేషం వేసుకుని తన కీ ఇస్తే, దానితోనే తాళం వేసి పాస్‌వర్డ్ అప్పగించేస్తాం. డిఫాల్ట్‌గా ఆపి ఉంచింది అందుకే. మిల్లు లోపలి నెట్‌వర్క్‌లో అంత దొంగ ఎవరంటారు, నిజమే. అయినా అంతకంటే తేలికగా ఉన్న మంచి దారి ఉండగా అదెందుకు? యూజ్‌ఎస్ఎస్ఎల్=ఫాల్స్ అన్న ముక్క తీసేయండి, అంతే. 8.0 సర్వర్ మొదటిసారి లేచినప్పుడే తన సర్టిఫికెట్లు తనే తయారు చేసుకుంటుంది. కనెక్టర్ దానంతట అది టీఎల్ఎస్‌కు వెళ్తుంది.

ఆ ముక్క అక్కడికి ఎలా వచ్చిందో కూడా చెప్పగలను. 5.7 రోజుల్లో జావా కనెక్టర్ ప్రతి కనెక్షన్‌కూ "సర్వర్ ఎవరో సరిచూడకుండా ఎస్ఎస్ఎల్ వాడుతున్నావు" అని లాగ్ నిండా హెచ్చరికలు రాసేది. ఆ గోల ఆపడానికి అందరూ అది పెట్టారు. గోల పోయింది, ముక్క ఉండిపోయింది. మాదీ అంతే.

రాత్రి దాకా ఆగకండి. మార్చాక ఫ్లష్ ప్రివిలెజెస్ కొట్టి, ప్రోగ్రాం మూసి తెరవండి. ఇప్పుడు ఆ ఆజ్ఞ మనకు పరీక్ష సాధనం.

చౌటుప్పల్_చిట్కా
చూశారా, చివరికి నా మందే.

మిర్యాలగూడ_ధర్మకాంటా
ధర్మకాంటాలో, గోదాములో మార్చాను. ఫ్లష్ కొట్టాను. లాగిన్ అయింది! రెండుసార్లు చేశాను, నమ్మలేక. గేటు దగ్గరి కంప్యూటర్ మాత్రం మొండికేసింది. అక్కడ ఇప్పుడు వేరే ఎర్రర్, "కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్", దాని కింద హ్యాండ్‌షేక్ అని ఏదో ఉంది.

జడ్చర్ల_జంక్షన్
పాస్‌వర్డ్ గొడవ దాటి టీఎల్ఎస్ గొడవలోకి వచ్చారు. ఇది ప్రగతే.

భువనగిరి_ఖిల్లా
ఆ ఒక్క కంప్యూటర్‌లో కనెక్టర్ ఉండే జార్ ఫైలు తేదీ చూడు. మిగతా రెండింటికంటే పాతదై ఉంటుంది. పాత జార్లు టీఎల్ఎస్ 1.0, 1.1 వరకే అడుగుతాయి, సర్వర్ 8.0.28 నుంచి ఆ రెంటినీ వదిలేసింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు.

మిర్యాలగూడ_ధర్మకాంటా
అవును, గేటు దగ్గరిది చాలా ఏళ్ల పాతది. ధర్మకాంటాలోని జార్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టాను. తెరుచుకుంది. ఫ్లష్ కొట్టినా తెరుచుకుంటోంది.

నాగర్‌కర్నూల్_నల్లమల
ఆగు, ఇంకా సంబరపడకు. రాత్రి ఆపి, పొద్దున వెలిగించి, గుమాస్తా రాకముందే చూడాలి.

వనపర్తి_సంస్థానం
ఆలస్యంగా వచ్చాను, మందు దొరికేసింది. అయినా నా గోడు వినండి. పాస్‌వర్డ్‌లో # గుర్తు పెట్టాను, బలంగా ఉంటుందని. ప్రోగ్రాంలో పని చేస్తుంది, రాత్రి బ్యాకప్ స్క్రిప్టులో 1045. రెండు వారాలు బ్యాకప్ లేదు. చివరికి చూస్తే సెట్టింగులుండే మై.సీఎన్ఎఫ్ ఫైలులో # తర్వాత ఉన్నదంతా వ్యాఖ్య కింద తీసేస్తోంది, సగం పాస్‌వర్డే వెళ్తోంది. కోట్లలో (కొటేషన్ గుర్తుల మధ్య) పెడితే సరిపోయింది.

కోదాడ_కోడు
సగం పాస్‌వర్డ్ అయినా వెళ్తే "యూజింగ్ పాస్‌వర్డ్: యెస్" అంటుంది, అందుకే అనుమానం రాదు. "నో" అని ఉంటే అసలేమీ వెళ్లలేదని. నాకు వాట్సాప్‌లో వచ్చిన పాస్‌వర్డ్ చివర ఖాళీ ఒకటి అతుక్కుని వచ్చింది. కంటికి కనిపించని అక్షరంతో పగలంతా యుద్ధం.

సూర్యాపేట_పిల్లలమర్రి
సంస్థానం గారికి కోట్లు ఎక్కువే, ఒక పాస్‌వర్డ్‌కు ఇచ్చారు.

వనపర్తి_సంస్థానం
ఆ కోట్లు ఉంటే బ్యాకప్ నేనెందుకు తీస్తాను.

మిర్యాలగూడ_ధర్మకాంటా
రాత్రి తొమ్మిదికి ఆపాను. పొద్దున అయిదూ నలభైకి వెలిగించాను. రూట్‌గా కూడా తాకలేదు. ఆరూ అయిదుకు మొదటి లారీ కాంటా ఎక్కింది, సన్నాలు. ప్రోగ్రాం తెరిస్తే ఒక్క క్షణం ఆలోచించి తెరుచుకుంది. గేటు, గోదాము కూడా. ఏడున్నరకు పదకొండు బండ్లు దాటాయి.

గద్వాల_జరీ
గుమాస్తా గారు ముందుగా వచ్చి నొక్కలేదని ఖాయమేనా?

మిర్యాలగూడ_ధర్మకాంటా
ఖాయం. ఆయన ఇవాళ సెలవు, హాలియాలో మేనకోడలి పెళ్లి. పదింటికి ఫోన్ చేసి "నేను లేకుండా మీకు లాగిన్ అయిందా" అని అడిగారు. అంటే ఆయనకు ముందే తెలుసా అని ఇప్పుడు నాకు కొత్త అనుమానం.

కోదాడ_కోడు
సంప్రదించాల్సిన అడ్మినిస్ట్రేటర్ ఆయనేనన్నమాట.

మిర్యాలగూడ_ధర్మకాంటా
పది దాకా చెట్టు కింద కూర్చునే అలవాటైన హమాలీలు మాత్రం పొద్దుటి నుంచి నాతో మాట్లాడటం లేదు.